గుండంలో నిలిచిన నీళ్లు

ఆ వానాకాలం మా ఊరంతా వంగి నడిచింది. ఉన్నోళ్లు లేనోళ్లు అని లేదు, పడుచుదనం ముసలితనం అని లేదు. పొద్దున్నే గోడ పట్టుకొని లేవాల్సిందే. చెంబు పట్టుకుంటే వేళ్లు ముడుచుకోవు, ముడుచుకుంటే విప్పుకోవు. జ్వరం నాలుగు రోజులుండి పోయేది. కీళ్లనొప్పి మాత్రం చుట్టపుచూపుగా వచ్చి, ఇల్లు బాగుందని ఉండిపోయిన చుట్టంలాగ కదిలేది కాదు. రేడియోలో దానికి నోరు తిరగని పేరేదో చెప్పారు. మా ఊళ్లో అది ఉత్త 'గున్యా' అయింది. రెండువేల ఆరు అది. ఎదురైనవాళ్లను ఎట్లున్నవని అడగడం మానేసి, నీకు గున్యా వచ్చిపోయిందా, ఇంకా రావాలా అని అడిగేవాళ్లు.

మా ఇంటికి ఇంకా రాలేదు. ఇల్లంటే నేనూ, ఎనిమిది నెలల నా కొడుకు ఉవైసూ. వాడికి రాకుండా కాయడమే ఆ వానాకాలం నా పని. వేరే పని ఉన్నా చేతికి ఎక్కేది కాదు.

మా ఇల్లు పీర్ల కొట్టానికి ఆనుకొని ఉంటుంది. వనపర్తి నుంచి పెబ్బేరు పోయే బస్సు దిగి, చేన్ల మధ్య నడిస్తే మొదట కనబడేది మా సున్నం గోడే. మా మామ ఖాజా మియా ఆ కొట్టానికి ముజావరు. పీర్లకు దట్టీ గుడ్డలు కట్టేది ఆయనే, ఊదు వేసేది ఆయనే. మొహర్రం నెల చంద్రుడు కనబడ్డ నాడు కొట్టం ముందర మొదటి గుద్దలి వేసి గుండం తవ్వేది కూడా ఆయనే. పండుగన్ని రోజులూ ఆ గుండంలో మొద్దులు కాలతాయి. ఊళ్లో ఏ కులంవాళ్లయినా దాని చుట్టూ ఎగరాల్సిందే. పండుగైన మూడో నాడు జియారత్ ప్రార్థన చేసి, ఏ మట్టి తవ్వారో ఆ మట్టితోనే గుండం పూడుస్తారు. తవ్విన చెయ్యే పూడ్చాలి. అది మా ఊరి పద్ధతి.

ఆ ఏడు పండుగైన మర్నాడే మా మామ, పీర్లను పెట్టెలో పెట్టి బయటికొచ్చి, అరుగు మీద కూర్చొని మళ్లీ లేవలేదు. మూడో నాటికి ఊరంతా మా ఇంటి ముందరే ఉంది గాని, గుండం సంగతి ఎవరికీ యాదికి రాలేదు. యాదికొచ్చేసరికి రోజు దాటిపోయింది. రోజు దాటిన గుండం మళ్లీ మొహర్రం చంద్రుడు కనబడేదాకా ముట్టొద్దన్నారు పెద్దలు. నా పెనిమిటి అజీజ్ నలభై దినాలు చేసి పుణెకు పోయాడు. అక్కడ ఆయనది సెంట్రింగ్ పని. అత్త నా పెళ్లికి ముందే లేదు. ఇంటి ముందర తెరిచిన గుండమూ, గోడ పక్కన తవ్విపోసిన మట్టి కుప్పా, లోపల నేనూ మిగిలాం.

ఎండాకాలమంతా దాంట్లోంచి బూడిద లేచేది. వాకిలి ఊడిస్తే మళ్లీ పడేది. అంతే, ఇంకే బాధా లేదు. బాధంతా వానతో మొదలైంది.

మొదటి వానకు గుండంలో నీళ్లు సిరా కలిపినట్టు నల్లగా నిలిచాయి. మామూలు గుంతలో అయితే రెండు రోజుల్లో ఇంకిపోవాలి, మాది ఎర్ర చెల్క నేల. కానీ ఏళ్ల తరబడి నిప్పు కాలి కాలి గుండం అడుగు కుండ అడుగులాగ గట్టిపడింది. చుక్క ఇంకలేదు. నాలుగు వానలకు నీళ్లు అంచు దాకా వచ్చాయి. బూడిద అడుక్కు దిగింది, పైన పచ్చగా తెట్టు కట్టింది. ఎక్కడి నుంచి వచ్చాయో కప్పలు వచ్చాయి. పసుపు పూసుకున్నట్టుండే పెద్ద కప్పలు. పొద్దు గుంకితే మొదలుపెట్టి, ఒకటి ఆపితే ఒకటి అందుకునేవి. తర్వాత తూనీగలొచ్చాయి. వాటి వెనక ఒక కొంగ. రోజూ అదే వేళకు వచ్చి, మా మామ కూర్చునే అరుగుకు ఎదురుగా ఒంటికాలి మీద నిలబడేది. ఆ కొంగ తప్ప మా వాకిట్లోకి ఊరికే వచ్చినవాళ్లు లేరు. పీర్ల కొట్టం పక్కిల్లు గదా, ఎవరొచ్చినా ఊదు కోసమో మొక్కు కోసమో వస్తారు. నాకు కూడా గడపలో మనిషి కనబడితే కూర్చోమనకుండా, ఏం గావాలె అనడం అలవాటైంది.

నాది కొల్లాపూర్. ఎనిమిదో తరగతి మధ్యలో మా అమ్మ మంచం పడితే నన్ను బడి మాన్పించారు. అంతవరకు చదివిన సైన్సులో ఒక వాక్యం మాత్రం బుర్రలో మేకు కొట్టినట్టు ఉండిపోయింది: నిలిచిన నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి. ఆ పాఠంలో ఇంకా చాలా ఉంది. అది పూర్తికాక ముందే నా బడి పూర్తయింది. ఇప్పుడు గడప అవతల ఆ వాక్యమే నిండుగా, పచ్చగా నిలిచి ఉంది. ఉవైసును దోమతెర దాటనిచ్చేదాన్ని కాదు. పొద్దూ మాపూ వేపాకు పొగ వేసి వాడి కళ్లు మండించేదాన్ని, వాడితో పాటు నేనూ ఏడ్చేదాన్ని.

ఉండబట్టలేక సాయన్న ఇంటికి పోయాను. ఊళ్లో పెద్ద పీరును ఎత్తేది ఆయన. కొట్టం సంగతుల్లో మా మామ తర్వాత ఆయన మాటే మాట. మంచం మీద కూర్చొని ఉన్నాడు, రెండు మోకాళ్లకూ జిల్లేడాకులు కట్టుకొని. గుండం పూడ్పించమని అడిగాను. ఎవరైనా పూడ్చినా సరే, నన్నే పూడ్చుకోమన్నా సరే అన్నాను.

"గుండం నీ ఇంటి ముందట ఉన్నది గాని నీది గాదు, బూబమ్మా," అన్నాడు. "చాంద్ కనబడాలె, నీ పెనిమిటి గుద్దలి పట్టాలె. అప్పటిదాక అది నిద్రల ఉన్నట్టు. నిద్రపోయేటోని మీద మట్టి పోస్తమా?"

పసిపిల్లగాడున్నాడని చెప్పాను.

"నాక్కూడ గున్యానే. పీరును ఎత్తిన భుజం ఇయ్యాల బువ్వ గిన్నె ఎత్తుతలేదు. నేనేమన్న గుండాన్ని తిడుతున్ననా?" అని నవ్వబోయి, నవ్వితే కూడా ఎక్కడో నొప్పి పెట్టినట్టుంది, మూతి ముడుచుకున్నాడు.

అక్కడి నుంచి రామచంద్రయ్య కొట్టుకు పోయి కాయిన్ డబ్బాలోంచి పుణెకు ఫోన్ చేశాను. మేస్త్రీ ఎత్తాడు. ఆయన పిలిచి, అజీజ్ మేడ దిగి వచ్చేసరికి సగం మాటల టైము అయిపోయింది. మేమిద్దరం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం. ఆయన చెప్పింది ఇది. స్లాబు మధ్యలో వదిలి వస్తే మళ్లీ పని దొరకదు, చాంద్‌కు ఎట్లయినా వస్తాడు, అబ్బా లాగే తనే గుద్దలి వేస్తాడు, అప్పటిదాకా జర ఓపిక పట్టాలి. ఉవైసు కూర్చుంటున్నాడా అని అడిగాడు. కూర్చుంటున్నాడని చెబుతుండగానే లైను పోయింది. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. కప్పలు అరిస్తే నిద్ర రాదనీ, అవి ఆపితే ఇంకా భయమవుతుందనీ. కొట్టులో నలుగురున్నారు, రిసీవరు పెట్టేసి వచ్చాను.

శ్రావణం సగంలో ఒకనాడు మధ్యాహ్నం కిష్టమ్మవ్వ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, పెద్ద కాపు కుటుంబం. కర్ర పట్టుకొని, అడుగుకొకసారి అల్లా, దేవుడా అని ఇద్దర్నీ పిలుచుకుంటూ వచ్చి గుండం గట్టు మీద కూలబడింది.

"ఏం గావాలె అవ్వా?" అన్నాను.

చిటికెడు బూడిద కావాలంది. మా మామ ఉన్నప్పుడు జ్వరమొచ్చిన ప్రతివాళ్లకూ గుండం బూడిద ఇచ్చేవాడట. బూడిదెక్కడిది, నీళ్ల అడుగున ఉంది అన్నాను. ఆమె కొంతసేపు నీళ్లనే చూసి, మెల్లగా రెండు కాళ్లూ దాంట్లో పెట్టింది. చల్లగా ఉన్నట్టుంది, కళ్లు మూసుకుంది.

"అడుగున బురద తీసియ్యి బిడ్డా. బూడిద దాంట్లనే ఉన్నది గద. నీ చేత్తోనే తియ్యాలె, ముజావరింటి చెయ్యి నీది."

నేను నీళ్లలో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. వేళ్లకు మెత్తగా, జిగటగా, నల్లటి వెన్నలాగ తగిలింది. కప్పపిల్లలు తోకలు ఊపుకుంటూ చేతికింది నుంచి పోయాయి. పిడికెడు తీసి ఆమె మోకాళ్లకు రాశాను. రాస్తుంటే మాట్లాడింది. ఇంట్లో అందరూ పడ్డారట, కొడుకులూ కోడళ్లూ, పొయ్యి ఎవరు వెలిగించాలని ఒకరి మొహం ఒకరు చూస్తున్నారట. ఉవైసును చూసి, గున్యా ఊరంతటినీ తినగా మిగిలింది ఈ బుగ్గలేనంది. బురద ఆరేదాకా కూర్చుంది. లేచేటప్పుడు అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

ఆ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్లు దాటింది. ఖాజా మియా కోడలు, బూబమ్మ అన్నవాళ్లే గాని పేరు అడిగినవాళ్లు లేరు.

"షాజియా," అన్నాను. నా నోటికే కొత్తగా వినబడింది.

మర్నాడు కిష్టమ్మవ్వ కర్ర లేకుండా నడిచిందని ఊళ్లో చెప్పుకున్నారు. నొప్పి దానంతటది పోయే రోజు వచ్చిందో, బురద చల్లదనమో, నాకు తెలియదు. ఆ సాయంత్రానికి నలుగురు వచ్చారు. ఆ గురువారానికి వాకిలి నిండింది. తర్వాత పక్కూళ్ల నుంచి ఆటోలు, ఒకరోజు కొత్తకోట వైపు నుంచి జీపు. ఒంగి వచ్చిన ముసలోళ్లు, మెట్టు ఎక్కలేని పడుచువాళ్లు, గుండం చుట్టూ కాళ్లు చాపుకొని వరసగా కూర్చునేవాళ్లు. నేను చీర చెంగు దోపుకొని అందరి మోకాళ్లకూ మోచేతులకూ బురద రాసేదాన్ని. రాస్తే ఊరికే పోతారా? పీర్లకు కాయ కొడతారు. సగం చిప్ప మొక్కినవాళ్ల చేతిలో పెట్టాలి, సగం పీర్ల వాటా, కొట్టం దగ్గరే ఉండాలి. ఆ వాటా చిప్పల్లో కొబ్బరి తీసి నేను ఎండబెట్టేదాన్ని, ఉత్త చిప్పలు గోడ పక్క మట్టి కుప్ప మీద పారేసేదాన్ని. పీర్ల వాటా గదా, పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. కుప్ప మీద కుప్ప అయింది.

చెప్పకూడదు గాని, ఊరి నొప్పి నాకు పండుగయింది. పొద్దున లేస్తూనే ఈరోజు ఎవరెవరు వస్తారో అనుకుంటూ తల దువ్వుకునేదాన్ని. కిష్టమ్మవ్వ రోజూ వచ్చేది. నొప్పి తగ్గినా వచ్చి, వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టేది, కొత్తవాళ్లకు తన మోకాళ్లు చూపించేది. "షాజియా, ఈమెకు జర ఎక్కువ పెట్టు, దూరం కెళ్లి వచ్చింది," అని అరుగు మీది నుంచి హుకుం జారీ చేసేది. ఉవైసు ఒక ఒడిలోంచి ఒక ఒడిలోకి పోతూ, ఎవరి ఒడిలో ఉంటే వాళ్ల పుస్తెలు గుంజుతూ, దోమతెర సంగతే మర్చిపోయాడు. నేను కూడా మర్చిపోయాను. కప్పల అరుపుకు నిద్ర పట్టడం నేర్చుకున్నాను. ఆ నీళ్లంటే నాకు భయం పోయింది. పోవడం కాదు, మందిలో వినబడలేదు.

భాద్రపదంలో ఒక గురువారం, మధ్యాహ్నం వేళ, ఎవరో మదనాపురం ఆమె ఒడిలోంచి ఉవైసును అందుకున్నాను. పెనం మీది రొట్టెను అందుకున్నట్టయింది.

వనపర్తి దవాఖానలో వాడికి సూది వేశారు, సీసాలో మందిచ్చారు. ఒళ్లంతా ఎర్రగా దద్దు లేచింది. ఎత్తుకుంటే ఏడ్చేవాడు, దించితే ఏడ్చేవాడు. కీళ్లు పట్టుకుంటే నొప్పి గదా, మనిషి చెయ్యి తగలకపోతేనే వాడికి సుఖం. తల్లి చెయ్యి బిడ్డకు నొప్పి అయ్యే రోగం ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. డాక్టరమ్మ మంచిదే. ఇంటి దగ్గర ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉన్నాయా అని అడిగింది. గడప ముందరే ఒక గుంత నిండా ఉన్నాయన్నాను. "పూడ్పించమ్మా, చిన్నపిల్లాడు," అంది, ఉప్పు తక్కువైంది వేసుకోమన్నంత సులువుగా.

బస్సులో వాణ్ని ఒళ్లో పెట్టుకోకుండా, పక్కన చీర మడత మీద పడుకోబెట్టి తెచ్చాను. కిష్టమ్మవ్వ మా ఇంట్లో పడుకుంటానని వచ్చింది. నేనే వద్దన్నాను. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. జ్వరం దిగింది, మళ్లీ ఎక్కింది. దిగిన పొద్దున వాడు నిద్రపోతుండగా కొట్టం తలుపు తీసి, దూలానికి వేలాడేసిన మా మామ గుద్దలి దించాను. ఆడదాన్ని, చాంద్ కాదు, జియారత్ కాదు. అన్నీ తెలుసు. గుద్దలి పిడి మీద ఆయన చేతుల నునుపు ఇంకా ఉంది.

ఆ రోజు గురువారం కాదు, ఇంకా ఎవరూ రాలేదు. వాకిట్లో నేనూ, కొంగా. పూడ్చాలంటే తవ్విన మట్టే కావాలి, అది గోడ పక్కన చిప్పల కింద ఉంది. ముందు చిప్పలు తియ్యాలి. రెండు చేతులా ఎత్తి పక్కకు పారబోస్తున్నాను. చీర తడిసింది. అప్పుడు చూశాను. వెల్లకిలా పడ్డ ప్రతి చిప్పలోనూ వాన నీళ్లున్నాయి. గుండం నీళ్లలాగ పచ్చగా లేవు, కాచి వడపోసినట్టు తేటగా ఉన్నాయి. ఒకటి ఎత్తి మొహం దగ్గర పెట్టుకున్నాను.

సన్నటి పురుగులు. తల కిందికి, తోక పైకి పెట్టి నీటి పైపొరకు వేలాడుతున్నాయి. నా నీడ పడగానే మెలికలు తిరిగి అడుక్కు పోయాయి, మళ్లీ ఒక్కొక్కటే పైకి వచ్చి వేలాడాయి. ఆ బొమ్మ నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో పెన్సిల్‌తో వేశాను నేను. తల ఎటో తోక ఎటో తప్పు వేస్తే టీచరు మళ్లీ వేయించింది.

ఇంకో చిప్ప చూశాను. ఇంకొకటి. అన్నింట్లో అవే. వాటి మధ్య ప్లాస్టిక్ గ్లాసులు, ఊదు వేసిన మట్టి ప్రమిదలు, వాటిల్లో కూడా.

గుండం దగ్గరికి పోయి బోర్లా వంగి చూశాను. తెట్టు పక్కకు జరిపి, అంచంతా చుట్టి చూశాను. కప్పపిల్లలు, నీటి మీద నడిచే కాళ్ల పొడుగు పురుగులు, తూనీగ పిల్లలో ఏమో నల్లటివి కొన్ని, ఇంకా పేరు తెలియనివి. వేలాడేవి మాత్రం ఒక్కటీ కనబడలేదు. చేతిలోని చిప్పను నీళ్లలోకి వంపాను. ఆ పురుగులు మెలికలు తిరుగుతూ చెదిరిపోయాయి. కింది నుంచి ఏవో కదిలాయి. నేను చూస్తుండగానే ఒకటి పోయింది, రెండు పోయాయి, కాసేపటికి నీళ్లలో ఏమీ జరగనట్టే ఉంది.

గుద్దలి గోడకు ఆనించాను. చిప్పలన్నీ ఒక్కొక్కటే గుండంలో వంపి, బోర్లించడం మొదలుపెట్టాను. గోడ పక్కవి అయ్యాక ఇంట్లోకి పోయాను. కోడిపెట్ట నీళ్ల మూకుడు, కొట్టంలో కాళ్లు కడుక్కునే తొట్టి, మూత సరిగా పడని మా నీళ్ల గోలెం. గోలెంలో కూడా ఉన్నాయి. ఆ నీళ్లతోనే నేను ఉవైసుకు స్నానం పోసేదాన్ని.

గురువారం ముందర కిష్టమ్మవ్వా, వెనక మందీ వచ్చారు. అందరి చేతుల్లో కాయలు. ఆమె తన కాయ కొట్టంలో కొట్టి, వాటా చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాను. బురద రాస్తాను, ఎంతమందికైనా రాస్తాను, చిప్ప మాత్రం ఇక్కడ వదలొద్దు, ఇంటికి తీసుకపొమ్మని చెప్పాను. చిప్పల్లో పురుగులున్నాయనీ, దోమలు వాటిల్లోంచే అనీ, వచ్చినంత చెప్పాను. చెప్పడం నాకు సరిగా రాలేదేమో. ముందుకు చాపిన కాయలు వెనక్కి తీసుకున్నారు. పీర్ల దగ్గర పెట్టిన వాటా తిరిగి చేతికి రావడమంటే మొక్కు చెల్లలేదన్నట్టు. ఆ ఇంటికి మంచిది కాదు. అది నాకు తెలియక కాదు.

కిష్టమ్మవ్వ చేతిలో చిప్ప అట్లాగే పట్టుకొని నిలబడింది.

"పీర్లు వద్దన్నరా, నువ్వు వద్దన్నవా?"

పీర్లే అని ఉంటే అయిపోయేది. మా మామ కలలోకి వచ్చి చెప్పాడంటే ఇంకా బాగుండేది, ఊరు ఊరంతా నమ్మేది.

"నేనే వద్దన్న, అవ్వా."

ఆమె చిప్ప కొంగులో చుట్టుకొని, వచ్చిన దారినే పోయింది. కర్ర లేకుండా పోయింది, అయినా వంగి పోయినట్టే కనబడింది. వెనక మందిలో ఒకామె, ఆడమనిషి ముజావరయితే గిట్లనే ఉంటది అంది. కొందరు బురద రాయించుకొని పోయారు, కొందరు అట్లాగే లేచిపోయారు.

ఖాజా మియా కోడలు పీర్ల వాటా వాపసిస్తుందట అన్న మాట ఊళ్లు దాటింది. సాయన్న మనిషిని పంపి, చాంద్‌కు అజీజ్ రానీ, మాట్లాడుతానన్నాడు. తర్వాతి గురువారం సగం మంది కూడా రాలేదు. ఆ పై గురువారం ఒక ముసలాయన వచ్చాడు, చెవులు వినబడవు, విషయం తెలిసినట్టు లేదు. ఆయనకు రాశాక చెయ్యి కడుక్కొని వాకిట్లో నిలబడ్డాను. ఇక ఎవరూ లేరు. కాయల చప్పుడుకు ఎటో పోయిన కొంగ మళ్లీ వచ్చి అరుగుకు ఎదురుగా నిలబడింది.

ఉవైసుకు నెమ్మదిగా నయమైంది. ఒక పొద్దున వాడి పిడికిట్లో నా వేలు పెట్టాను, రోజూ పెట్టి చూసేదాన్ని, రోజూ ఏడ్చేవాడు. ఆ పొద్దున గట్టిగా పట్టుకున్నాడు. ఏడవలేదు. ఎవరికైనా చెప్పాలని గడప దాకా వచ్చాను. ఎవరికి చెప్పను? గుండం దాకా ఎత్తుకపోయి, వాడి పిడికిలి అట్లాగే నా వేలి మీద ఉంచి, అక్కడే కూర్చున్నాను.

చలికాలం నీళ్లు తగ్గాయి. ఒక్కో వారం ఒక్కో గీత వదిలి కిందికి దిగాయి, గాజుల వరసలాగ. తోకలున్న కప్పపిల్లలకు కాళ్లొచ్చి ఎప్పుడు పోయాయో పోయాయి. పెద్ద కప్పలు అరవడం మానేశాయి. అడుగున బురద పగిలి, తిరగేసిన రొట్టెల్లాగ లేచింది. కొంగ కూడా రావడం ఆపింది. అంతవరకు నాకు తెలియదు, నేను నీళ్లతో మాట్లాడుతున్నానని. ఎండిపోయాక మాట్లాడబోయి ఆగిపోతే తెలిసింది.

జనవరిలో చంద్రుడు కనబడ్డ సాయంత్రానికి అజీజ్ వచ్చాడు. ఊరు కొట్టం ముందర చేరింది. సాయన్న భుజం బాగుపడింది, పీరును ఎత్తుతానని మీసం దువ్వుకుంటున్నాడు. నా సంగతి ఆయన పెద్దగా ఎత్తలేదు. గున్యా పోయింది, దానితోపాటు ఆ మాటా పాతబడింది. చిన్నపిల్ల, తెల్వదు అని ఆయనే అజీజ్ భుజం తట్టాడు. అజీజ్ ఫాతెహా చదివి గుద్దలి ఎత్తి వేశాడు. పగిలిన బురద గడ్డ ఒకటి విచ్చుకుంది, దాంట్లో చెయ్యి పట్టేంత గూడు, గూట్లో ముడుచుకొని ఒక కప్ప. చచ్చిందనుకున్నారు. కన్ను తెరిచి చూసింది. మంది నవ్వారు. అజీజ్ దాన్ని గుద్దలితో ఎత్తి గోడ అవతల చేన్లోకి వేశాడు.

పండుగయింది. కిష్టమ్మవ్వ కూడా వచ్చింది, కాయ సాయన్న చేతికిచ్చి కొట్టించుకొని, నా వైపు చూడకుండా పోయింది. మూడో నాడు జియారత్ అయ్యాక అజీజ్ తవ్విన మట్టంతా గుండంలో పోసి, కాళ్లతో తొక్కి, దిమ్మిసతో కొట్టి చదును చేశాడు. చెమట తుడుచుకుంటూ, ఇక నీ పరేషాన్ పోయిందన్నాడు. అవునన్నాను. నెల తిరగకుండానే పుణెకు పోయాడు.

మళ్లీ వానలు పడ్డాయి. చదునైన వాకిట్లో నీళ్లు నిలవకుండా దారి చూసుకొని రోడ్డు మీదికి పోయాయి. నేను గడపలో కూర్చొని చూశాను. ఉవైసు అప్పటికి నడుస్తున్నాడు. తడిలో రెండు అడుగులు వేసి, ఒకసారి కూలబడి, నన్ను చూసి నవ్వుతున్నాడు. గిన్నెలూ మూకుళ్లూ అన్నీ బోర్లించే ఉన్నాయి. పొద్దు గుంకింది. ఏదో ఆగిపోయినట్టు నిశ్శబ్దం. చేన్ల అవతల దూరంగా ఎక్కడో ఒక కప్ప అరిచింది, దానికి జవాబు రాలేదు.

వాకిలి అంచున మనిషి అలికిడైతే తలెత్తాను. కిష్టమ్మవ్వ. వాన తుంపర నెత్తిమీది కొంగు మీద పడుతోంది. చేతిలో కాయ లేదు, కర్ర లేదు.

నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఏం గావాలె, అవ్వా?"

"ఏమొద్దు షాజియా. ఊకెనే వచ్చిన."

అని, గుండం ఉన్న చోటికి పోయి, నీళ్లున్నప్పుడు కూర్చున్నట్టే రెండు కాళ్లూ చాపుకొని కూర్చుంది.